రోబోకు గుణింతాలు నేర్పిన రోజులు

సౌండు పని నేర్చుకుందామని ఫిల్మ్‌నగర్ వచ్చే పిల్లలు నన్ను కలిస్తే ముందుగా అడిగేది, నేను చేసినవాటిలో పెద్ద సినిమా ఏదని. పెద్ద సినిమాల్లో నేను చేసింది చెప్పుకోదగ్గ పనేమీ కాదు. హీరో తొడ కొడితే ఉరుము పెట్టాను, విలన్ కింద పడితే భూకంపం పెట్టాను. నన్ను అడగవలసింది ఇడ్లీల రోబో గురించి. అది చిన్న సినిమా. రిటైరయ్యే ముందు చేసిన చివరి పనుల్లో ఒకటి. నేను దాని సంగతి ఎత్తితే మా ఇంట్లోవాళ్లు టీవీ సౌండు పెంచుతారు. మీకా సౌకర్యం లేదు కాబట్టి చెబుతాను.

ముందు నా గురించి కొంచెం. పుట్టింది షేక్‌పేటలో. చదువు ఇంటర్‌తో ఆగింది. డబ్బింగ్ థియేటర్లో వైర్లు చుట్టే పనికి చేరి, మైకులు సర్దుతూ, చివరికి శబ్దాలు కలిపే కన్సోల్ ముందు కూర్చునేదాకా వచ్చాను. మిగతా చదువంతా యూసుఫ్‌గూడలో మా ఇంటి దగ్గర శాఖా గ్రంథాలయంలో. అక్కడ దినపత్రికల కోసం పోటీ ఉండేది గానీ లోపలి బీరువాల దగ్గర ఉండేది కాదు. శబ్దం మీద పుస్తకం, భాషాశాస్త్రం, సంగీత పాఠాలు, గొంతు జబ్బుల మీద ఎవరో డాక్టరు రాసిన పుస్తకం, ఏది దొరికితే అది చదివాను. కొన్నాళ్లకు గ్రంథపాలకుడు బీరువా తాళంచెవి నాకే ఇచ్చి తన పని తాను చూసుకునేవాడు. ఈ చదువంటే నాకు గర్వం, దాచుకోను. ఈ కథలో ఆ గర్వం ఒకసారి పనికొచ్చింది, ఒకసారి కొంప ముంచింది.

సినిమా కథ చిన్నదే. ఒక టిఫిన్ సెంటర్ యజమాని పాతసామాన్ల కొట్టు నుంచి ఒక రోబోను తెచ్చి ఆర్డర్లు తీసుకునే పనిలో పెడతాడు. రోజూ షట్టరు దించే ముందు అది ఆయన్ను ఒకే మాట అడుగుతుంది, "రేపటికి ఎన్ని ఇడ్లీలు పెట్టమంటారు?" అని. ఆయన ఏదో ఒకటి చెబుతాడు. చివరికి వ్యాపారం దెబ్బతిని హోటల్ మూసేయాల్సి వస్తుంది. ఆ రోజు కూడా రోబో అదే మాట అడుగుతుంది. ఆయన దగ్గర జవాబు ఉండదు. స్విచ్ ఆపేస్తాడు. అంతే.

దర్శకుడు హనుమకొండ వైపు నుంచి వచ్చిన కుర్రవాడు, అదే మొదటి సినిమా. అతను కోరింది తేలికైనదేమీ కాదు. వినగానే ఇది యంత్రం అని తెలియాలి, కానీ ఆ ఆఖరి ప్రశ్న దగ్గర హాల్లో కూర్చున్నవాళ్లకు మాట పెగలకూడదు. ఆ గొంతు కోసం అతను ఒకావిడను పట్టుకొచ్చాడు.

ఆవిడ పేరు చెప్పినా మీకు తెలియదు. గొంతు వింటే మాత్రం లేచి కూర్చుంటారు. ఎంతమంది హీరోయిన్లు ఆవిడ గొంతుతో ప్రేమించారో, ఏడ్చారో, ఎన్ని సీరియళ్లలో అత్తలు ఆవిడ గొంతుతో కోడళ్లను సాధించారో లెక్కలేదు. మధురానగర్‌లో ఉంటారు, మాటలో గుంటూరు యాస ఇంకా అలాగే ఉంది. గొంతులో గడ్డకు ఆపరేషన్ అయ్యాక పాత గొంతు పొద్దున కాసేపే పలికేది. మాట్లాడినకొద్దీ బొంగురుపోయి, ఆఖరికి గాలి మాత్రం మిగిలేది. అంతకుముందు ఒక సినిమాలో సగం చెప్పాక గొంతు పోతే, వాళ్లు వేరే అమ్మాయితో మళ్లీ మొదటి నుంచీ చెప్పించుకున్నారు. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు.

"ఇంజినీరు గారూ, ఒక్క వేషం. మొదటి మాట నుంచి చివరి మాట దాకా నాదే ఉండాలి. మధ్యలో ఇంకొకళ్లని అతికించకూడదు. అదయ్యాక మీరెవరూ చెప్పక్కర్లేదు, నేనే మానేస్తానండీ" అన్నారు నాతో.

నిర్మాతకు అంత ఓపిక లేదు. జూబ్లీహిల్స్‌లో ఆయన ఆఫీసుకు పిలిపించి మాకు ఒక శాంపిల్ వినిపించాడు. ఏదో కంపెనీ తయారుచేసిన కంప్యూటర్ గొంతు, టైపు చేస్తే చాలు మాట్లాడేస్తుంది. చాలా శుభ్రమైన గొంతు. బ్యాంకుకు ఫోన్ చేస్తే దయచేసి వేచి ఉండమని చెబుతుంది చూశారా, ఆ అమ్మాయే ఇడ్లీల సంగతి అడుగుతున్నట్టుంది. దర్శకుడు ముఖం చిట్లించాడు. ఆవిడతో కుదిరితే సరే, ఫైనల్ మిక్సింగ్‌లోపు కుదరకపోతే ఇదే, అని నిర్మాత తేల్చేశాడు.

ఆవిడ చేత ఒక సీను చెప్పించి, నా దగ్గరున్న ఎఫెక్టులన్నీ ఆ గొంతుకు పూశాను. ఒకదానితో డ్రమ్ములో పడిపోయిన మనిషిలా ఉంది, ఇంకోదానితో జలుబు చేసిన దెయ్యంలా ఉంది. దర్శకుడు అన్నీ ఓపిగ్గా విన్నాడు.

"సార్, ఇది రోబో కాదు. రోబో వేషమేసుకున్న మనిషి" అన్నాడు.

ఆ మాట నన్ను మా గ్రంథాలయానికి తరిమింది. ఎప్పుడో చదివిన గొంతు జబ్బుల పుస్తకం మళ్లీ తీశాను. అందులో ఉంది సమాధానం! మన మాటలో రెండు పనులు కలిసి ఉంటాయి. గొంతులో పుట్టే అదురు ఒకటి, దాన్ని అక్షరంగా మలిచే నోరు ఒకటి. నేనింతవరకు చేసింది రెండూ కలిసిపోయినదాని మీద రంగు పూయడం. అలా కాకుండా నోటిని అలాగే ఉంచి, కింది అదురును మాత్రం తీసేసి కొత్తది పెట్టగలిగితే? పుస్తకం మూసి బయటికొచ్చి, బస్సు సంగతి మరిచిపోయి, ఫిల్మ్‌నగర్ ఎత్తు దాకా నడిచే వెళ్లాను.

మా థియేటర్ పై అంతస్తులో పాటల గది ఉండేది. అక్కడ కీబోర్డ్ ప్రోగ్రామింగ్ చేసే తమ్ముడు ఒకడు, కృష్ణానగర్ మనిషి. నేను ఆయాసంతో చెప్పిందంతా విని నవ్వాడు.

"అన్నా, నువ్వు చెప్పేది నా లాప్‌టాప్‌ల ఉన్నది."

నిజంగానే ఉంది. జపాన్ వాళ్లు తయారుచేసిన సాఫ్ట్‌వేర్, పాడే మనిషి లేకుండా పాట పాడిస్తుంది. స్వరాలు పేర్చి ఒక్కో స్వరం కింద ఒక్కో అక్షరం రాస్తే పాడేస్తుంది. దీనితో ఏం చేస్తున్నావని అడిగితే, బామ్మర్దికి బర్త్‌డే పాట పాడించానన్నాడు. అందులో ఉన్న గొంతులన్నీ జపాన్ గొంతులే. తెలుగు పలికిస్తే టోక్యో నుంచి వచ్చిన టూరిస్టు దోసె అడిగినట్టుంది. ళ లేదు, ణ లేదు. అయితే దానికి మన గొంతే ఇవ్వవచ్చట. ఆ భాషలో పలకగలిగిన ప్రతి అక్షరాన్నీ ఒకే శ్రుతిలో చెప్పి రికార్డు చేసి ఇస్తే, ఆ ముక్కలు కలిపి ఏ మాటైనా పలుకుతుంది.

ప్రతి అక్షరాన్నీ, ఒకే శ్రుతిలో, వరుసగా! ఈ పని ఒకటో తరగతిలో మనందరం చేసిందే కదా. క, కా, కి, కీ. జపాన్ వాళ్లకు తెలియకుండానే మన గుణింతాల కోసం ఒక సాఫ్ట్‌వేర్ చేసిపెట్టారు. నేను కుర్చీలోంచి లేచి ఆ గదిలోనే అటూ ఇటూ తిరిగాను. తమ్ముడు నన్ను కూర్చోమని మంచినీళ్లిచ్చాడు.

ఆవిడకు చెబితే చిన్నపిల్లలా సంబరపడ్డారు. మర్నాడు పొద్దున్నే కొబ్బరికాయతో వచ్చారు. సినిమా వాళ్లం, కొబ్బరికాయ కొట్టకుండా కొత్త కుర్చీలో కూడా కూర్చోం. మైకు ముందు కాయ కొట్టి, అక్షరాభ్యాసంలాగే ముందు ఓనమాలు చెప్పాకే మొదలుపెడతానన్నారు. హెడ్‌ఫోన్‌లో తంబూరా శ్రుతి వినిపిస్తుంటే, ఆ శ్రుతి తప్పకుండా ఒక్కో అక్షరం చెప్పుకుంటూ వెళ్లారు. ఎన్నాళ్లకు విన్నాను ఆ గొంతు! గాజు మీద వేలితో మీటినట్టు ఉంది.

ఇక్కడే నా చదువు అడ్డం పడింది. వర్ణమాల అంటే వర్ణమాలే, ఒక్క అక్షరం వదలకూడదని పట్టుబట్టాను. క వరుస, ఖ వరుస, గ, ఘ. ఙ దగ్గర ఆవిడ ఆగి రికార్డింగ్ గది అద్దంలోంచి నా వైపు చూశారు.

"ఇంజినీరు గారూ, ఈ రోబో ఇడ్లీ ఆర్డరు తీసుకుంటూ 'ఙ' అంటుందంటారా?"

"ఉండాలమ్మా. రేపు ఎందుకన్నా అక్కరపడ్తది" అన్నాను.

ఙ గుణింతం మొత్తం చెప్పించాను. ఞ కూడా చెప్పించాను. ఠ, ఢ, థ, ఏదీ వదల్లేదు. య, ర, ల, వ దగ్గరికి వచ్చేసరికి గొంతు బొంగురుపోయింది. అయినా ఆవిడ ఆపకుండా చివరిదాకా చెప్పారు. తమ్ముడు ఆ ముక్కలన్నీ సాఫ్ట్‌వేర్‌లో పేర్చి రోబో చేత "పూరీ" అనిపించాడు. 'పూ' ఆవిడ హీరోయిన్లకు చెప్పిన నాటి గొంతు. 'రీ' ఆసుపత్రి నుంచి వచ్చిన గొంతు.

"అన్నా, నీ 'ఙ'కు దండం" అన్నాడు తమ్ముడు. "గొంతు మంచిగున్నప్పుడు అది చెప్పిపిచ్చినవ్. దినాం అక్కరొచ్చే 'ర'కు గొంతు లేకుంట జేసినవ్."

డాక్టరు మాట్లాడవద్దన్నందుకు ఆవిడ కొన్ని రోజులు ఫోన్‌లో మెసేజ్‌లు మాత్రమే పెట్టారు. తేరుకున్నాక పొద్దునపూట వస్తూ, వెనక వరుసల నుంచి ముందుకు కాస్త కాస్త చెప్పారు. మొత్తానికి అక్షరాల పెట్టె నిండింది. తమ్ముడు ఆనందం పట్టలేక, ఇక మేడం రాకున్నా పనైపోతుందని పెద్దగా అనేశాడు. లోపలి గదికి వినిపించే మైకు ఆన్‌లో ఉంది, ఆవిడ విన్నారు.

"అంటే నేనే నేర్పి, నేనే ఇంటికెళ్లాలన్నమాట" అన్నారు నవ్వుతూనే.

ఇద్దరం తలలు దించుకున్నాం. ఆ అక్షరాలున్న హార్డ్‌డిస్క్ తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఇవి మీవి, మీ దగ్గరే ఉండాలి, పనున్న రోజు మీరే తేవాలని చెప్పాను. ఆ తర్వాత రోజూ ఆ డిస్క్ ఆవిడ సంచీలో టిఫిన్ బాక్సు పక్కన వచ్చేది.

మొదటిసారి దర్శకుడికి వినిపించిన రోజు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. స్వరాలు పేర్చింది తమ్ముడు. పాటల మనిషి, చేతులు ఊరుకోవు. డైలాగు కూడా తాళంలో పడింది, రాగంలో పడింది. సాఫ్ట్‌వేర్ కూడా పాట కోసం పుట్టినదే కదా, స్వరానికీ స్వరానికీ మధ్య తనంతట తానే జారుడు వేసింది. రోబో పద్యం ఎత్తుకున్నట్టే ఇడ్లీల సంగతి అడిగింది.

"సార్, ఇది రేపటికి హార్మోనియం గూడ పెట్టమంటదేమో" అన్నాడు దర్శకుడు.

యంత్రానికి రాగం ఎక్కడిదని నేను కలగజేసుకుని, అన్ని అక్షరాలనూ ఒకే స్వరం మీద పెట్టి వినిపించాను. ఈసారి టిఫిన్ సెంటర్లో సత్యనారాయణ వ్రతం జరుగుతున్నట్టుంది. దర్శకుడు నవ్వలేదు. నిర్మాత శనివారం దాకానే ఆగుతానన్నాడని, ఆ తర్వాత తన చేతిలో ఏమీ లేదని మెల్లగా చెప్పి వెళ్లాడు.

ఆవిడ రెండూ విన్నారు. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టారు.

"అక్షరాలు నావేనండీ. అడుగుతున్నది నేను కాదు" అన్నారు. "ఆయన అలిసిపోయి ఉంటాడు. దానికి తెలుసు. అందుకే 'రేపటికి' అని కాస్త ఆగుతుంది. చూడండి."

చెప్పి చూపించారు. మధ్యాహ్నం దాటింది, గొంతు పూర్తిగా బొంగురు. కానీ ఆ ఆగడం, 'ఎన్ని' దగ్గర ఆ చిన్న ఎత్తు, చివర్లో కిందికి దిగి మళ్లీ కొంచెం లేవడం! పాడైపోయింది అదురు మాత్రమే. నటన ఎక్కడికీ పోలేదు. పుస్తకంలో చదివింది నా ఎదురుగా నిలబడి మాట్లాడుతోంది, నేనే చూడలేదు.

తమ్ముడు అప్పటికే ఆ మాటను రికార్డు చేసి, సాఫ్ట్‌వేర్‌లో దాని ఎత్తుపల్లాల గీత తీశాడు. గొంతు బొంగురైనా గీత దొరికింది. ఆ గీతను అలాగే ఇస్తే మళ్లీ మనిషే అవుతుంది. దాన్ని ఎలా యంత్రం చేయాలో కనిపెట్టింది తమ్ముడే. ఒక్కో అక్షరానికి ఆవిడ పలికిన ఎత్తుకు దగ్గర్లో ఉన్న ఒక్క స్వరం ఇచ్చాడు, మధ్యలో జారుడు మొత్తం తీసేశాడు. వాలుగా ఉన్న గీత మెట్లయిపోయింది. ఆ మెట్ల మీద ఆవిడ పొద్దుటి అక్షరాలు పెట్టాడు.

రోబో మాట్లాడింది. యంత్రమే, సందేహం లేదు, ఒక్కో అక్షరం ఒక్కో మెట్టు మీద టక్కున నిలబడుతోంది. కానీ అది ఆయన గురించి దిగులు పడుతోంది! ముగ్గురం ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నాం. నేను తమ్ముడి వీపు మీద ఎంత గట్టిగా చరిచానంటే వాడు దగ్గాడు.

"అయితే నేను బొంగురు గొంతుతో చెప్పినా పర్వాలేదా?" ఆవిడ అడిగారు.

పర్వాలేదన్నాను. నమ్మకం కుదరక మళ్లీ అడిగారు. ఆపరేషన్ అయిన తర్వాత, వేడినీళ్లు తాగి మళ్లీ చెప్పండని ఎవరూ అనని డబ్బింగ్ అదే మొదటిది. ఇక చూడండి ఆవిడ చెలరేగడం! చట్నీ మూడోసారి అడిగిన కస్టమర్‌ను కసిరారు, చిల్లర ఇవ్వనివాణ్ని బుజ్జగించారు. మేము గీతలు తీస్తూ, మెట్లు కడుతూ వెనక పరుగెత్తాం. తిండి గుర్తు లేదు. ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో కూడా నేను అంత హుషారుగా పని చేయలేదు.

శనివారం పొద్దునకు ఆఖరి సీను మిగిలింది. ఆ వారమంతా ఆవిడ గొంతును ఆదా చేసుకోలేదు, మేమూ చేసుకోనివ్వలేదు. మైకు ముందు నిలబడి, "రేపటికి ఎన్ని ఇడ్లీలు" వరకు ఎలాగో అన్నారు. "పెట్టమంటారు" దగ్గర గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంకోసారి చెప్పబోతే మొదటి మాట కూడా రాలేదు. బయటికొచ్చి కూర్చుని ఫోన్‌లో టైపు చేసి నాకు చూపించారు. ఈ ఒక్క మాటకి కంపెనీ గొంతు పెట్టుకోండి, అని ఉంది.

అతికించవద్దని అడిగిన మనిషి రాసిన మాట అది. నేను ఫోన్ తిరిగి ఇచ్చేశాను.

దర్శకుడు మెట్లెక్కి వస్తున్నాడని కింద నుంచి కబురొచ్చింది. ఆ ప్రశ్న రోజూ అడిగేదే కాబట్టి, పాత సీను నుంచి 'పెట్టమంటారు' కోసి తెచ్చి అతికిద్దామన్నాడు తమ్ముడు. సౌండు పని తెలిసిన ఎవరైనా చేసేది అదే. వాడి చెయ్యి మౌస్ మీద ఉంది.

"జర ఆగు" అన్నాను. "ఆమె చెప్పింది ముందు ఇందాం. వినకుంట కోసుడెందుకు?"

తలుపు తీసుకుని దర్శకుడు లోపలికి వచ్చాడు, వెనక్కి తగ్గడానికి వీల్లేదు. ఆవిడ చెప్పినదాన్ని తమ్ముడు అప్పటికే సాఫ్ట్‌వేర్‌కు ఎక్కించి, కింద అక్షరాలు పెట్టేశాడు. ప్లే నొక్కాను. తెర మీద ఓనరు తాళంచెవులు పట్టుకుని నిలబడి ఉన్నాడు. రోబో అడిగింది. రేపటికి, మెట్టు మెట్టుగా. ఎన్ని ఇడ్లీలు, మెట్టు మెట్టుగా. ఆ తర్వాత 'పెట్టమంటారు' వచ్చింది. ఎత్తు లేదు, దిగడం లేదు. ఒక్క స్వరం మీద, గీసిన గీతలా, అలా వెళ్లి ఆగిపోయింది.

గాలికి ఎత్తుపల్లాలు ఉండవు. గీత దొరకని చోట సాఫ్ట్‌వేర్ తనకు తెలిసిన ఒకే శ్రుతి పెట్టుకుంది. ఆవిడ కొబ్బరికాయ కొట్టి గుణింతాలు చెప్పిన శ్రుతి అది. సినిమా అంతా జవాబు కోసం అడిగిన రోబో, ఆ రోజు జవాబు తెలిసి అడిగినట్టుంది.

దర్శకుడు మళ్లీ వేయమన్నట్టు వేలు చూపించాడు, వేశాను.

"దీన్ని ముట్టకుండ్రి సార్. గిట్లనే ఉండాలె" అన్నాడు. తర్వాత ఆవిడ వైపు తిరిగాడు. "అమ్మా, చివర్ల అట్ల తగ్గించుడు మీరు కావాలనే చేసిండ్రా?"

ఆవిడ నన్నొకసారి చూశారు. తర్వాత అతని వైపు తిరిగి, ఎంతో హుందాగా, అవునని తల ఊపారు. నాకు తెలిసి ఆవిడ ఆడిన అబద్ధం అదొక్కటే, అదీ గొంతు లేకుండా. నేను సరిదిద్దలేదు, మీరూ దిద్దకండి. ఆ సాయంత్రం నిర్మాత రీలంతా విని, కంపెనీ వాళ్లకు ఫోన్ చేసి వద్దని చెప్పాడు.

సినిమా విడుదలైన రోజు ముగ్గురం పొద్దుటి ఆటకు వెళ్లాం. ఆవిడ నా పక్కన కూర్చుని, రోబో పలికే ప్రతి మాటా పెదవులతో పలికారు. ఆఖరి ప్రశ్న వచ్చింది. హాల్లో ఎవరి చేతిలోనూ పాప్‌కార్న్ పొట్లం చప్పుడు చేయలేదు. లైట్లు వెలిగాక మా వెనక వరుసలో ఇద్దరు కుర్రాళ్లు ముక్కులు తుడుచుకుంటూ మాట్లాడుకుంటున్నారు.

"ఆ రోబోకు గొంతు ఎవలిచ్చిండ్రురా?"

"ఎవలిస్తరు? మిషన్ గొంతే గది."

ఆవిడ నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. తెర మీద పెదవులు కదిలేది వేరొకరివి, మాట తనది, అది తనదని ఎవరికీ తెలియకూడదు. ఆవిడ జీవితమంతా చేసిన పని ఇదే.

"విన్నారా ఇంజినీరు గారూ? దొరకలేదు వాళ్లకి" అన్నారు గుసగుసగా. గొంతు అప్పటికి కాస్త తిరిగొచ్చింది. మెట్లు దిగుతూ సంచీలో హార్డ్‌డిస్క్ ఉందో లేదో తడిమి చూసుకుని, మళ్లీ నా వైపు వంగారు.

"ఈ వేషం అయ్యాక మానేస్తానని మీతో అన్నాను చూడండి, అది రికార్డు కాలేదు కదా?"